కల్లంలో మంచం

పోయిన వేసవిలో సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్తుంటే, పక్క సీటు అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం చూపించి, "'ఇన్ ద డాగ్‌హౌస్' అంటే ఏంటండీ?" అని అడిగింది. నాకు తెలిసిన ప్రశ్న కదా, బస్సంతా వినపడేలా చెప్పాను. "ఎవరి కోపానికైనా గురైతే అలా అంటారమ్మా. పెళ్లాం కోపంతో మొగుణ్ని కుక్క గూట్లో పడుకోమనడం నుంచి పుట్టిందట."

వెనక సీటు పెద్దాయన ముందుకు వంగాడు.

"మా కల్లంలో మిరపకాయలు ఎత్తేసి చాలా రోజులైందండీ. కాపలాకి అక్కడేం లేదు. అయినా నేనూ, కుక్కా అక్కడే పడుకుంటన్నాం."

మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"మళ్లీ ఇంట్లోకి ఎట్టా వెళ్లాలో కూడా రాశారేమో చూడమ్మా."

ఆ అమ్మాయి నిజంగానే పేజీ తిప్పి వెతికింది. గుంటూరు వచ్చేదాకా ఆయన ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాడు.