తూటాల పట్టీ చివర ఒక పేరు

నేను మూడో క్లాసు చదివే రోజుల్లో... 2003లో అనుకుంటా, పెన్సిల్వేనియాలో మా బేస్‌మెంట్‌లో ఒక మెషిన్ గన్ ఉండేది! మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. పేలదు లెండి... గొట్టం మూసేసి అమ్మారు.

నాన్నకి అదో పిచ్చి. గన్ షోల వెంట తిరిగి దాని గొట్టం చల్లబరిచే నీళ్ళ డబ్బా, స్టాండు, తూటాలు గుచ్చే గుడ్డ పట్టీ... ఒక్కొక్కటే పోగేశారు. "పాత ఇనప సామాన్ల కొట్టు పెట్టండిక," అని అమ్మ దెప్పుతూ ఉండేది.

ఆ పట్టీ చివర ఒక సైనికుడు సిరాతో తన పేరు రాసుకున్నాడు. నాన్న నెలల తరబడి వెతికి ఆయన కూతుర్ని పట్టుకున్నారు. ఎనభై ఐదేళ్ళ పెద్దావిడ. ఆవిడ పుట్టకముందే తండ్రి యుద్ధంలో పోయాడట. ఆయన చేతిరాత ఒక్క అక్షరం కూడా తన దగ్గర లేదనీ, ఆదివారం వచ్చి చూసుకుంటాననీ ఫోన్‌లో చెప్పింది.

ముందురోజు శనివారం మా ఇంట్లో ఆయుధ పూజ. కత్తిపీట, స్క్రూడ్రైవర్లు, కారు... అన్నీ కడిగి బొట్లు పెట్టడం నా పని.

"అమ్మా, గన్‌కి కూడా పూజ చెయ్యాలా? అది రియల్ వెపన్ కదా!"

"అసలు సిసలు ఆయుధం అదేగా! తుడిచి బొట్టు పెట్టు," అంది అమ్మ నవ్వుతూ.

గన్ తుడిచాను. పట్టీ మాత్రం మురికోడుతూ కనిపించింది. టబ్‌లో నానబెట్టి, సబ్బు పెట్టి రుద్దాను. చివర ఒక నల్లటి మరక... అది రాత అని నాకు తెలియదు. ఓ పట్టాన వదల్లేదు. వదిలేదాకా రుద్ది, ఆ చోటే కుంకుమ బొట్టు పెట్టాను. ఎంత గర్వపడ్డానో!

సాయంత్రం నాన్న వచ్చి, పేరు ఉండాల్సిన చోట ఆ బొట్టు చూశారు. మెట్ల మీద కూలబడిపోయి, "ఫోటో అయినా తీసి పెట్టుకోలేదే..." అన్నారు అమ్మతో.

ఆదివారం ఆవిడ వచ్చింది. నాన్న జరిగిందంతా చెప్పేశారు. ఆవిడ పట్టీని ఒళ్ళో పెట్టుకుని, "ఎక్కడుండేది, హనీ?" అని నన్నడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ చోటుని చాలాసేపు తడుముతూ కూర్చుంది. తిట్టినా బాగుండేది...

ఆ ముడతల వేళ్ళు ఇప్పటికీ కలలోకి వస్తాయి. పీడకలే అనండి.

ఇప్పుడు తినే ఇడ్లీకి కూడా ఫోటో తీస్తున్నాం. పెద్దవాళ్ళ చేతిరాత మాత్రం ఎంతమంది దగ్గరుంది? మీ నాన్నగారు రాసింది ఏదైనా సరే, పచారీ చీటీ అయినా సరే... ఫోటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. నేను ముట్టుకోను... చూస్తాను, అంతే.