గురువారం వచ్చిన కార్డు

నా జీవితంలో మంచి రోజు ఏదని ఎవరైనా అడిగితే విశాఖలో రాక్ కచేరీ విన్న రోజనే చెబుతాను. అబద్ధం కాదు. కానీ చెప్పిన ప్రతిసారీ అందులో ఒక ముక్క మింగేస్తాను. అది ఇరవై ఏళ్లు దాటినా నాలో అలాగే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో మాది అరకులో కిరాణా కొట్టు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చిలకమ్మ నాతో ఇంటర్ చదివింది. వాళ్లది కొండ మీద ఊరు. నాకంటే రెండేళ్లు పెద్ద, నిదానం మనిషి. వాళ్ల ఊరి ఉత్తరాలు పోస్ట్‌మ్యాన్ మా కొట్లో ఇచ్చేవాడు, శుక్రవారం సంతకు వచ్చినవాళ్లు తీసుకెళ్లేవారు.

ఆ ఏడు విశాఖలో చదివే పిన్ని కొడుకు రాక్ కచేరీకి రెండు పాసులు పంపాడు. వాళ్ల కాలేజీ మైదానంలో, శనివారం సాయంత్రం. అమ్మ ఒక్కటే మాట అంది. "ఒక్కర్తివీ ఎల్లొద్దు. చిలకమ్మొస్తే ఎల్లు." చిలకమ్మ సరేనంది.

గురువారం చిలకమ్మ పేరు మీద కార్డు వచ్చింది. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కార్డు కదా, చదివేశాను. నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ. పాడేరులో, శనివారం ఉదయం పది గంటలకు.

దాన్ని నా పుస్తకంలో పెట్టేశాను.

అంత తేలిగ్గానా? అవును, అంత తేలిగ్గానే. తనకి సీటు ఎలాగూ రాదనుకున్నానా? ఇంకోసారి పిలుస్తారనుకున్నానా? అవన్నీ తర్వాత కల్పించుకున్న కారణాలు. అప్పుడు నాకున్నది ఒక్కటే ఆలోచన, కచేరీకి వెళ్లాలని.

శుక్రవారం రైలెక్కాం. సొరంగాల్లో చీకటి పడ్డప్పుడల్లా చిలకమ్మ నా చెయ్యి పట్టుకునేది. టైడా స్టేషన్లో రైలు చాలాసేపు ఆగింది. అక్కడైనా చెప్పి ఉంటే దిగిపోయి, ఏ జీపో ఎక్కి, తెల్లారేసరికి పాడేరు చేరుకునేదేమో. చెప్పలేదు. వేరుశనక్కాయలు కొని తనకి సగం ఇచ్చాను.

కచేరీ ఎలా ఉందంటే ఇప్పటికీ చెప్పలేను. నలుగురు కుర్రాళ్లు, జులపాల జుట్టు, గిటార్లు. ఒక్క మాటా అర్థం కాలేదు. డ్రమ్ము మోగుతుంటే నేల అదిరి పాదాల్లోకి ఎక్కేది. కడుపులో కొడతన్నాదని చిలకమ్మ నవ్వింది. చెప్పులు విప్పేసి స్పీకరు పెట్టె దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తనని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. నేనూ అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఉదయం పది గంటలు ఎప్పుడో దాటిపోయాయని ఆ మైదానంలో నా ఒక్కదానికే తెలుసు. అయినా సంతోషంగానే ఉన్నాను. దీనికే ఇన్నేళ్లూ నన్ను నేను క్షమించుకోలేకపోయాను.

ఆదివారం తిరిగొచ్చాక, కొట్టు ముందు కార్డు చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఇదెప్పుడొచ్చినాది?"

"నిన్న. మనం అక్కడున్నాం కదా."

కార్డు మడిచి జాకెట్లో పెట్టుకుంది. నా వైపు తిరిగింది. "పోన్లే. ముందే వచ్చుంటే నీతో వొద్దును కాను. ఆ పాటలు ఇందును కాను."

నన్ను ఓదార్చడానికే అలా అంది. నా మొహం చూసి నేను తన కోసం బాధపడుతున్నాననుకుంది.

మళ్లీ పిలుపు రాలేదు. మరుసటేడు జి.మాడుగుల వైపు పెళ్లయింది. రెండువేల సంవత్సరం దాటాక ఒక శుక్రవారం సంతలో కనిపించింది. హాస్టల్లో వంట చేస్తోందట. పక్కనున్న కూతురితో, "నన్ను విశాఖ పాటలకు తీసుకెళ్లింది ఈవిడే" అని చెప్పింది, ఎంతో గొప్పగా. ఆ గుంట నన్ను కళ్లప్పగించి చూసింది.

అప్పుడు చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెబితే తన చదువుతో పాటు ఆ సాయంత్రాన్ని కూడా తన దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందని ఆగిపోయాను. ఇది నిజంగా తన మీద జాలేనా, లేక నాకు దొరికిన మంచి సాకా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. బహుశా సాకే.

తను ఇది చదవదు. చదివితే ఏమంటుందో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. ఆ కార్డు శనివారం రాలేదు చిలకమ్మా. గురువారమే వచ్చింది. నేనే దాచాను.

ఇన్నేళ్లలో ఈ మాట ఒక్కసారీ పైకి అనలేదు. రాశాక లేచి కిటికీ తీశాను. బయట మామూలుగానే ఉంది.