కోడలి ఓటు, నా తల

నా పేరు మంగమ్మ, వయసు డెబ్బై. అమెరికాలో, నోవై అనే ఊళ్లో కొడుకు, కోడలు పద్మతో ఉంటున్నాను. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను.

సిటిజన్ అయ్యాక పద్మ ఈ రోజే మొదటిసారి ఓటేసింది. కొడుకు చెప్పినవాడికే వేస్తుందో లేదోనని, ఓటేసే చోటి తెర తొలగించి లోపలికి తల పెట్టాను. అక్కడ ఓట్లు వేయించే తెల్లావిడ పరుగున వచ్చి నన్ను ఇవతలికి లాగింది. లైనంతా చూసింది.

"అత్తయ్యా, ఇది సీక్రెట్. మీ అబ్బాయికి కూడా చెప్పక్కర్లేదు," అంది పద్మ.

"మీ మావయ్య బతికున్నన్నాళ్లూ ఆయన చెప్పిన గుర్తు మీదే గుద్దాను కదే!" అని అరిచాను. అరిచాకే సిగ్గుతో తల వాలిపోయింది.

సాయంత్రం మా వాడు, "ఎవరికి వేసిందమ్మా?" అన్నాడు.

"నోర్మూసుకుని అన్నం తిను," అన్నాను.

మీ ఇళ్లలో ఓటు ఎవరికేశావని ఎవరు అడుగుతున్నారో చెప్పండి.

మంగమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు పద్మ, పక్కింటి సరోజిని.