నడుము ముప్పై

మా బావ డ్రిల్లు మాస్టారు. ఆయన విజిలు ఊదితే మైదానంలో ఎంత అల్లరి పిల్లవాడైనా కొయ్యబారిపోవాల్సిందే. అంతటి మనిషి కొన్నేళ్లపాటు ఒక కంప్యూటరు తెరకు భయపడి బతికాడంటే ఎవరూ నమ్మరు. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా అక్కది బడి గేటుకు ఎదురుగా టైలరింగు షాపు. ముందు గదిలో బల్ల, దానిమీద కంప్యూటరు. వెనక గదిలో రెండు కుట్టుమిషన్లు, గుడ్డముక్కల గుట్ట. ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాసుకున్న కొలతలన్నీ నేనే కంప్యూటరులోకి ఎక్కించాను. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. అక్క చేత ఖర్చు పెట్టించడం ఇష్టంలేక, ఉచితంగా దొరికే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాను. పేరు కొడితే చాలు, ఆ మనిషి కొలతలు తెరమీదికి వస్తాయి.

చిక్కల్లా ఒక్కటే. కొలతల ఫారం తెరిచిన ప్రతిసారీ ముందుగా మొదటి రికార్డు, అంటే అందరికన్నా ముందు ఎక్కించిన మనిషి వివరాల పేజీ, ప్రత్యక్షమవుతుంది. ఆ మొదటి రికార్డు మా బావది.

అది పెళ్లికి ముందు మాట. అక్క షాపు తెరిచిన రోజున తొలి బేరం ఆయనే. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర మాస్టారు, ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. అక్క ఆ రోజు రాసుకున్నది పొల్లుపోకుండా ఎక్కించాను: డ్రిల్లు మాస్టారు, నడుము ముప్పై అంగుళాలు. రిమార్కుల గడిలో, "ఆగకుండా మాట్లాడతాడు. కొలత సరిగ్గా రాలేదు. మళ్ళీ రమ్మనాలి." మళ్ళీ వచ్చాడు. వస్తూనే ఉన్నాడు. చివరికి మా నాన్నతో మాట్లాడటానికి ఇంటికే వచ్చాడు.

నడుము మాత్రం ముప్పై దగ్గర ఆగలేదు. యూనిఫారాలకు వచ్చే పిల్లలు బల్లమీదికి వంగి తెర చూసేవారు, మర్నాడు మైదానంలో మాస్టారి పొట్ట చూసేవారు. ఒకరోజు వెనక వరసలోంచి ఎవడో "ముప్పై సార్" అన్నాడు. వారం తిరిగేసరికి ఆ పేరు స్టాఫ్ రూముకు చేరింది. బావ నేరుగా షాపుకొచ్చి అక్క మీద విరుచుకుపడ్డాడు.

"ఆ రికార్డు తీసెయ్యి."

"తొలి బేరం చెరిపేస్తానా? ఇంకా నయం!"

"పోనీ అంకె మార్చు."

"వచ్చి నిలబడండి, టేపు పెడతాను, అప్పుడు మారుస్తాను. కొలవకుండా అంకె వెయ్యడం నా వల్ల కాదు."

టేపంటేనే బావకు హడలు. అందుకే ఏళ్లుగా రెడీమేడు ప్యాంట్లే కొనుక్కుంటున్నాడు. వీధంతటికీ బట్టలు కుట్టే మనిషి మొగుడు కొట్లో కొన్న ప్యాంటు వేసుకుని తిరుగుతుంటే అక్కకు లోపల గుచ్చుకునేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నవ్వేసేది గానీ, ఆ నవ్వు ఉత్త నవ్వు కాదని నాకు తెలుసు.

అక్క దగ్గర పప్పులు ఉడక్క బావ నామీద పడ్డాడు. ఫారం తెరవగానే ఖాళీ రికార్డు వచ్చేలా చెయ్యమన్నాడు. మెనూలన్నీ గాలించాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో అసలు ఆ సదుపాయమే లేదు. సొంతంగా ఏదో రాసి అతికించేంత విద్య నాకు లేదు, నాది స్క్రూలు విప్పి బిగించే విద్య.

"దీన్ని చేసేది ఒక కంపెనీ కాదు బావా. దేశదేశాల వాళ్లు తీరిక దొరికినప్పుడు చేస్తుంటారు. ఫలానాది లేదు, పెట్టండి అని వాళ్ల సైటులో రాయాలి. బుద్ధి పుడితే చేస్తారు."

"అయితే రాయి. అడగందే అమ్మైనా పెట్టదు."

ఆయన చెబుతుంటే నేను రాశాను. "అయ్యా" అని మొదలుపెట్టి క్రమశిక్షణ గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. అదంతా కొట్టేసి, కావలసింది రెండు ముక్కల్లో ఇంగ్లీషులో పంపాను. కొన్నాళ్లకు జవాబొచ్చింది. ఒక్క బటను నొక్కితే ఖాళీ రికార్డు వస్తుంది కదా, ఇంతమాత్రానికి అంత పని ఎందుకు, మీ అవసరమేమిటో వివరించండి అని.

"ఉన్నదున్నట్టు రాసెయ్," అన్నాడు బావ.

"పరువు పోతుందేమో బావా."

"పోవడానికి ఇంకా ఏం మిగిలిందని!"

నడుము సంగతితో సహా రాశాను. అక్కణ్ణుంచి ఆ పేజీలో సందడి మొదలైంది. ఎక్కడో ఒక పశువుల డాక్టరు తనకూ అది కావాలన్నాడు. ఆయన ఫారం తెరిస్తే, ఎప్పుడో పోయిన కుక్క రోజూ పలకరిస్తోందట. ఒక సంగీతం టీచరుకు రెండో పాఠానికే పారిపోయిన తొలి శిష్యుడు కనబడుతున్నాడట. బావ రోజూ బడి వదలగానే వచ్చి, ఇవాళ ఎవరు చేరారని నా చెవిలో జోరీగలా పోరేవాడు. ఏడాది దాటాక ఏ పుణ్యాత్ముడో ఆ పని చేసిపెట్టాడు. కొత్త వెర్షనులో ఒక చిన్న గడి వచ్చింది. అందులో టిక్కు పెడితే ఫారం ఖాళీ రికార్డుతో తెరుచుకుంటుంది. పెట్టాను. బావ సంతోషం పట్టలేక షాపులోనే విజిలు ఊదాడు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ మనిషి నోరు మూసుకుని కూర్చుంటే నాకు నిజంగా భయమేసింది.

"ఆ టిక్కు ఎలా తీస్తార్రా?" అన్నాడు చివరికి.

"ఏడాది నా ప్రాణం తీసి పెట్టించావు కదా బావా!"

"పొద్దున్నే షాపు తెరిచాక నేను అక్కడే టీ తాగుతానా? మీ అక్క తెర చూసి, నన్ను చూసి, 'నడుము ముప్పై!' అని నవ్వేది. రోజూ అంతే. నేను కసురుకునేవాణ్ణి. ఇప్పుడు తెరుస్తుంది, పనిలో పడిపోతుంది. నావైపు చూడాల్సిన అవసరమే తనకి లేకుండా పోయింది."

నాకు ఆయన మీద జాలేసింది, ముచ్చటా వేసింది. వెంటబెట్టుకుని షాపుకెళ్లి, ఆయన మోచేత్తో పొడుస్తున్నా వినకుండా అక్కతో అంతా చెప్పేశాను. అక్క కత్తెర పక్కన పెట్టింది.

"టిక్కు తియ్యక్కర్లేదురా, నాకు పని సులువుగా ఉంది. తెర ఖాళీగా ఉందనేగా ఈయన బాధ? రండి, నింపుదాం," అంటూ మెడలోంచి టేపు తీసింది.

బావ నావైపు చూశాడు. నేను దారాల అలమారు వైపు చూశాను. ఇక తప్పదని వచ్చి చేతులు పక్కలకు చాచి నిలబడ్డాడు.

"ఊపిరి బిగబట్టకండి."

"నేనెక్కడ బిగబట్టాను? ఆ టేపు తడిసి కుంచించుకుపోయిందేమో చూడు. పైగా ఇప్పుడే భోంచేసి వచ్చాను, అసలు కొలత ఎప్పుడైనా..."

"నలభై ఒకటి!" అంది అక్క, ఆయన మొహంలోకి చూసి పగలబడి నవ్వుతూ. బావ ఈసారి కసురుకోలేదు.

అక్క కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొట్టింది. తర్వాత లేచి, అలమారు అడుగునుంచి ముదురు నీలం ప్యాంటు గుడ్డ తీసింది. మడతలు చూస్తే చాలాకాలంగా అక్కడే ఉన్నట్టుంది. ఆ రంగు తనకు నప్పదని బావ, నోరు మూసుకోమని అక్క వాదించుకుంటుంటే నేను తెర చూశాను. డ్రిల్లు మాస్టారు, నడుము నలభై ఒకటి. రిమార్కుల గడిలో ఇలా ఉంది:

"ఇప్పటికీ ఆగకుండా మాట్లాడతారు. కొలత సరిగ్గానే వచ్చింది. అయినా మళ్ళీ రమ్మనాలి."