స్ప్రింగు వెనక వాషరు

చెయ్యని పనికి ఒక మనిషిని దోషిగా తేల్చారు. ఆ పని జరిగిన రోజున అతను ఊళ్ళోనే లేడు. తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకరికి ఆ సంగతి తెలుసు. మిగిలిన ఇద్దరూ అడగలేదు.

దోషిగా తేలినవాడు మా సహకార సంఘం ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కు. ఏ బండి వచ్చినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి వేడి చూసే అలవాటు ఉండటం వల్ల అందరూ అతన్ని థర్మామీటరు అనేవారు. ఆ పేరు తగిలించింది అతని బావ. అక్క భర్త అయిన ఆయన ఆ షెడ్డులోనే పాత ట్రాక్టరు నడిపేవాడు. తల్లి పోయిన తరువాత థర్మామీటరును పెంచి పెద్ద చేసింది ఆ అక్కే. అతను పెళ్ళి చేసుకోలేదు. షెడ్డు పక్క గదిలో పడుకొని, రెండు పూటలా అక్క ఇంట్లో తినేవాడు. ఆమె వడ్డిస్తూ తిట్టేది, అతను తింటూ వినేవాడు. అతని జీవితంలో అంతకు మించిన వైభవం ఏదీ నాకు కనిపించలేదు, అతనూ కోరుకోలేదు.

పాత ట్రాక్టరుకు ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున పూట లిఫ్టు నాగలిని చక్కగా ఎత్తేది. ఎండ ముదిరేసరికి నీరసించేది. లీవరు ఎంత లాగినా నాగలి సగం దాకా లేచి, వణికి, మెల్లగా కిందికి జారిపోయేది.

"ఏమోయ్ థర్మామీటరూ, జ్వరమెంత?" అన్నాడు బావ, బండిని షెడ్డులోకి తెచ్చి.

"పొద్దున లేదు బావా. మధ్యాహ్నానికి వస్తోంది."

"మందు ఇవ్వరాదూ?"

"ముందు రోగమేదో తెలియనీ."

"ఈలోగా రోగి పోతే?"

"నువ్వు తోలే తోలుడికి ఎప్పుడో పోవాలి. నీ మొహం చూసి బతికుంది."

అతను ఒక వరసలో వెళ్ళాడు. ఆయిలు మట్టం సరిగానే ఉంది. ఆయిలును వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. పాలలా తెల్లబడలేదు కాబట్టి నీళ్ళు కలవలేదు. జల్లెడ విప్పి కడిగాడు. దానిలో చెత్త పెద్దగా లేదు. ఆయిలు పీల్చుకునే గొట్టం దగ్గర గాలి దూరుతోందేమోనని అక్కడి రబ్బరు రింగు మార్చాడు. జబ్బు తగ్గలేదు. అప్పుడు రిలీఫ్ వాల్వు విప్పాడు. ఒత్తిడి హద్దు దాటినప్పుడు తెరుచుకుని ఆయిలును వెనక్కి వదిలే చిన్న తలుపు అది. దాన్ని మూసి ఉంచే స్ప్రింగు బాగానే ఉంది. తుడిచి, యథాతథంగా బిగించాడు. ఇదంతా షెడ్డులో అందరూ చూస్తూండగానే జరిగింది. చివరికి ఒత్తిడి కొలిచే గేజీ తగిలించి చూస్తే, చల్లగా ఉన్నప్పుడు నిలిచిన ముల్లు ఆయిలు వేడెక్కేకొద్దీ దిగిపోయింది. పంపు లోపలి పళ్ళు అరిగిపోయాయి. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది కనుక అరిగిన పంపు కూడా దాన్ని నెట్టగలదు. వేడెక్కి పలచబడితే అది పళ్ళ సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. పంపు దింపి బాగుచేయాలని అతను మేనేజరుకు చెప్పాడు.

మేనేజరు కూడా ఒకప్పుడు పానా పట్టినవాడే. "దున్నకాల రోజుల్లో పంపు దింపితే రైతులు నన్ను దింపుతారయ్యా. స్ప్రింగు వెనక వాషరొకటి పెట్టు. బిగుసుకుంటుంది."

"బిగుసుకుంటుంది సార్. కానీ అరిగింది పంపు. మధ్యాహ్నం ఏమీ మారదు. పొద్దున చలిలో మాత్రం ఒత్తిడి హద్దు దాటుతుంది. ఆ పాత పైపు తట్టుకోదు."

"నా రోజుల్లో ఎన్ని వాషర్లు పెట్టానో తెలుసా నీకు?"

"తెలుసు సార్. వాటిలో రెండు నేనే తీశాను."

షెడ్డంతా నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు. సరే, పంపుకు కొత్త పళ్ళు, సీళ్ళు పట్టుకు రమ్మని మర్నాడే అతన్ని పట్నం పంపాడు. సరుకు ఇంకా రాలేదని దుకాణంవారు చెప్పడంతో అతను ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, తెల్లవారి వచ్చిన సరుకు తీసుకొని మొదటి బస్సు ఎక్కాడు. నేను కళ్ళ డాక్టరుకు చూపించుకొని అదే బస్సులో తిరిగి వస్తున్నాను. పొట్లాం ఒళ్ళో పెట్టుకుని, నా పక్కన కూర్చుని, పంపు గురించి మీకు ఇంతవరకు చెప్పినదంతా నాకు చెప్పాడు. అతని టిక్కెట్టు నా దగ్గర భద్రంగా ఉంది.

అతను పట్నంలో ఉన్న మధ్యాహ్నం మేనేజరు రోడ్డు మీది మెకానిక్కును ఒకణ్ణి పిలిపించి, వాల్వు విప్పించి, స్ప్రింగు వెనక వాషరు పెట్టించాడు. భోజనం చేసి తిరిగి వచ్చిన బావతో, "మీ బావమరిది చెప్పి వెళ్ళాడు, అలాగే చేయించాను" అన్నాడు.

మర్నాడు పొద్దున బాగా చలిగా ఉంది. బావ బండి స్టార్టు చేసి లీవరు పూర్తిగా పైకి లాగాడు. నాగలి కొత్త బండి మీద లేచినట్టు లేచింది. "చూశావా, మా థర్మామీటరు మందు!" అన్నాడు కాపలావాడితో. లీవరు అలాగే వదిలి, ఇంజను ఆపకుండా దిగి, నాగలికి వదులైన బోల్టు బిగించబోయాడు. ఎత్తిన నాగలి కింద కాలు పెట్టడం తప్పే, ఆ తప్పు తనదేనని ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ ఒత్తిడి హద్దు దాటినా వాల్వు తెరుచుకోలేదు. పైపు పగిలి నాగలి కిందికి పడింది. మేము బస్సు దిగేసరికి జనం షెడ్డు వైపు పరిగెడుతున్నారు.

ఆసుపత్రిలో బావ కాలు చీలమండ పైన కోసి తీసేశారు.

ఆ సాయంత్రం థర్మామీటరు వాల్వు విప్పాడు. వాషరు బయటపడింది. దాన్ని గుడ్డలో చుట్టి తానే తీసుకెళ్ళి సంఘం కార్యాలయంలో ఇచ్చాడు. విచారణ సంఘంలో అధ్యక్షులు, ఒక సభ్యుడు, మేనేజరు కూర్చున్నారు. "అంతకు ముందు ఆ వాల్వు విప్పింది ఎవరు?" అని అడిగారు. "నేనే" అన్నాడు. "వాషరు తెచ్చింది ఎవరు?" "నేనే." తాను ఊళ్ళో లేనని కూడా చెప్పాడు. రాసుకున్నది మాత్రం మొదటి రెండు జవాబులే. మెకానిక్కు నిర్లక్ష్యం అని తేల్చి, అతన్ని బండ్లు కడిగే పనికి మార్చారు.

ఆ తీర్పు నకలు అక్క ఇంటికి కూడా వెళ్ళింది. ఆ మధ్యాహ్నం భోజనానికి అతను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నేను అక్కడే, బావ మంచం పక్కన కూర్చుని ఉన్నాను.

"రారా, కూర్చో. చెప్పుల జతలో ఒకటి మిగిలిపోయింది, నీకు సరిపోతుందేమో చూడు" అన్నాడు బావ.

ఎవరూ నవ్వలేదు. అక్క గోడ వైపు చూస్తూ భర్తతో అంది: "ఆయన్ని వెళ్ళమనండి."

పుట్టినప్పటినుంచి వాడూ వీడూ అని పిలిచిన నోరు అది. అతను గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

నేను ఆమెకు జరిగింది చెప్పాను. "మీరు ఆయనకు కావలసినవారు బాబాయిగారూ, అలాగే చెబుతారు. అంత పెద్దలు కూర్చుని తప్పు రాస్తారా?" అంది. వాషరు పెట్టిన రోడ్డు మీది మెకానిక్కును వెతికి పట్టుకొని, అతని చేతే నిజం రాయించి, టిక్కెట్టు నకలు జతచేసి సంఘానికి పంపాను. ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. ఆ కాగితం ఆమెకు కూడా చూపించాను. చదివి తిరిగి ఇచ్చేసింది. "ఇది మీరు రాయించింది. అది వాళ్ళు రాసింది" అంది.

అతను ఇప్పుడు తన గదిలో తానే వండుకుంటాడు. కూరలో ఉప్పు వేశావా అని అడిగితే గుర్తు లేదంటాడు. రోజంతా గొట్టం పట్టుకుని బండ్ల చక్రాల మీద నీళ్ళు కొడతాడు. బురద పోయిన తరువాత కూడా కొడుతూనే ఉంటాడు. ఎవరో వచ్చి కుళాయి కట్టేయాలి. "నీకు కోపం రావడం లేదా?" అని ఒకనాడు నేనే విసుక్కున్నాను.

"వస్తుందేమోనని చూస్తున్నానండీ" అన్నాడు.

అక్క గురించి అడిగాను. ఆమె వీధిలో ఎదురైందని, పక్కకు తప్పుకుని దారి ఇచ్చానని చెప్పాడు. వాన పడుతుందేమో అన్నట్టు చెప్పాడు.

అధ్యక్షులవారికీ, విచారణలో కూర్చున్న సభ్యులవారికీ, మేనేజరుకూ ఇది నా డిమాండు. ఆ తీర్పు రద్దు చేయండి. అతని పని అతనికి తిరిగి ఇవ్వండి. కానీ రద్దు కాగితాన్ని ఎవరి చేతనో పంపించి చేతులు దులుపుకోకండి. ఆమె మీ మాట నమ్మి తమ్ముణ్ణి గుమ్మం దాటించింది కనుక మీ మాటే కావాలి, నాది చాలదు. ముగ్గురూ కలిసి ఆ ఇంటికి వెళ్ళండి. ఆమె ఎదుట నిలబడి, "మీ తమ్ముడు ఆ వాషరు పెట్టలేదు, వద్దన్నాడు. మేమే పెట్టించి, మేమే అతని మీద రాశాము" అని మీ నోటితో చెప్పండి. అందరికంటే ముందు మేనేజరే చెప్పాలి.