బోడికారు కొట్టమెక్కే రోజు

వారం రోజులుగా టీవీలో తుపాను కబుర్లు తప్ప మరొకటి లేదు. నిన్న సాయంత్రం కూరగాయలకని బయలుదేరినదాన్ని, మా మణవాళనగర్ రైల్వే వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. వంతెన మీద ఒక పక్కగా కార్లు బారులు తీరి ఉన్నాయి. వాన ముదిరితే ఇళ్ళ ముందు మోకాటిలోతు నీళ్ళు నిలుస్తాయని, ఇంజన్లోకి నీళ్ళు పోతే బాగుచేయించడానికి తల ప్రాణం తోకకొస్తుందని, ముందుచూపు ఉన్నవాళ్ళు తెచ్చి ఎత్తు మీద పెట్టేసుకున్నారు. మా పక్కింటాయన మాత్రం ఈ రోజు తేవాలా రేపు తేవాలా అని తేల్చుకోలేక, ఫోనులో మబ్బుల బొమ్మలు చూసుకుంటూ గేటు దగ్గరే తచ్చాడుతున్నాడు. తల పైకెత్తి ఒక్కసారి ఆకాశాన్ని చూద్దామన్న ఆలోచన ఆయనకు వచ్చినట్టు లేదు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే మా మామ గుర్తుకొచ్చాడు. కారును ఎప్పుడు లోపల పెట్టాలన్న ఒక్క ప్రశ్న మీద మా ఇల్లంతా ఏటా కిందామీదా పడిన ఆ రోజులు గుర్తుకొచ్చాయి.

మా మామ అంటే మా ఆయనకు తండ్రి, అంతకు ముందే మా అమ్మకు స్వయానా అన్న. అందుచేత నేను ఆ ఇంటికి కోడలిగా పోయినప్పుడు కొత్తగా భయపడవలసిందేమీ లేకపోయింది. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే బస్సు దిగి, పొలాల మధ్య మట్టిబాటలో లోపలికి నడిస్తే మా ఊరు. ఎడ్లబండ్లకూ సైకిళ్ళకూ తప్ప దేనికీ అలవాటు పడని ఆ బాటలో, మా మామకు ఒక స్పోర్ట్స్ కారు తిరుగుతూ ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. మద్రాసులో ఉద్యోగం చేసిన దొర ఒకాయన దేశం వదిలి పోతూ అమ్మేసిన బండి అది. రెండే సీట్లు, ముదురాకుపచ్చ రంగు, కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకుని కూర్చున్నంత కిందకు ఉండేది. పైకప్పు అని చెప్పుకోవడానికి ఒక కాన్వాసు గుడ్డ ఉండేదిగాని అది మన ఎండలకు ఎప్పుడో పీలికలైపోయింది. కప్పు లేని కారు కాబట్టి ఊరివాళ్ళు దానికి బోడికారని పేరు పెట్టారు. తిరుత్తణిలో గుండు కొట్టించుకుని వచ్చిందని మా అత్త ఎగతాళి చేసేది. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో ఉన్న ఆ కారులో ఆమె ఒక్కసారి కూడా ఎక్కలేదు. జుట్టు రేగిపోతుందని ఒకసారి, ఊరేగింపు దేవతలా నలుగురిలో కూర్చోవడం తన వల్ల కాదని ఒకసారి, ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేది.

మన వైపు పెద్దవానలు దీపావళి అటూ ఇటూగా దిగుతాయి కదా, దిగితే మళ్ళీ సంక్రాంతి పొంగలి దాకా ఆగుతాయన్న నమ్మకం లేదు. ఆ రెండు మూడు నెలలూ కప్పులేని కారును దాచడానికి మాకున్న ఎత్తైన చోటు ఒక్కటే, చెరకు తోట అవతల ఉన్న బెల్లం కొట్టం. పొంగలి తర్వాత గానుగ ఆడి బెల్లం వండడం మొదలుపెట్టేదాకా అది ఖాళీగానే ఉంటుంది. అయితే బెల్లం వండిన చోటు కాబట్టి నేలంతా తీపి, ఎక్కడ చూసినా చీమలు. మొదటి ఏడాది ఏమీ ఎరగక కారును అట్లే పెట్టేస్తే, తీసేటప్పటికి సీట్ల లోపల చీమలు కాపురాలు పెట్టేశాయట. ఆ మరుసటి ఏడాది మా మామ రాతిపనివాళ్ళను పిలిపించి, బండలలో పళ్ళేల్లాగా లోతు చెక్కించి, ఆ లోతులో రాతి దిమ్మెలు నిలబెట్టి, కారును వాటి మీదికి ఎక్కించి, దిమ్మెల చుట్టూ నీళ్ళు పోయించాడు. వంటింట్లో పాలూ పెరుగూ పెట్టే అలమార కాళ్ళకు నీళ్ళ గిన్నెలు పెడతామే, అదే ఉపాయం. అప్పటినుంచి ఏటా అంతే. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టడం, పొగగొట్టానికి కొబ్బరిపీచు కుక్కడం, మెరిసే చోటల్లా ఆముదం పూయడం, పురుగు పట్టకుండా సీట్ల మీద వావిలాకు పరచడం, ఇవన్నీ ఆయన తన చేతులతోనే చేసుకునేవాడు.

చిక్కల్లా రోజు నిర్ణయించడంలోనే. కొట్టానికి పోయే దారి బంకమట్టి దారి. ఒక్క మంచి వాన పడిందంటే చక్రాలు దిగబడతాయి, ఇక కారు కొట్టం చేరదు. ఒక ఏడాది ఆయన ఆశకొద్దీ ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని నాన్చి, చివరకు ఎడ్లను కట్టి లాగించబోయి, అవి కూడా చేతులెత్తేస్తే, ఆ వానాకాలమంతా కారు ఇంటి ముంగిట తాటాకుల కింద నానింది. కోళ్ళు డ్రైవరు సీట్లో గుడ్లు పెట్టాయి. అలాగని భయపడి ముందే పెట్టేస్తే, పైన నీలంగా ఆకాశం, కొట్టంలో కారు, మధ్యన మొహం వేలాడేసుకుని ఆయన. ఊరంతా చెరువు నిండాలని ఆకాశం వైపు చూస్తుంటే, చెరకూ వరీ వేసిన రైతై ఉండి, ఈ ఒక్క మనిషి వాన ఇంకో వారం ఆలస్యంగా వస్తే బాగుండునని లోపల్లోపల కోరుకునేవాడు. ఆ మాట బయటకు అనలేడు పాపం, అందుకే వేరే మాటలు అడిగేవాడు: తూర్పుగాలి తిరిగిందా, తూనీగలు కిందుగా ఎగురుతున్నాయా, అన్నిటికంటే ముఖ్యంగా మా అత్త మోకాలు ఎలా ఉంది అని. వాన వచ్చే ముందు మా అత్తకు మోకాలు సలిపేది. రేడియో తప్పినా మోకాలు తప్పదని మా ఇంట్లో పేరు.

నేను అప్పట్లో తిరువళ్ళూరులో ఒక ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన తెల్లారకముందే రైలు పట్టుకుని ఆవడిలో ఉద్యోగానికి పోయేవాడు. నన్ను మాత్రం మా మామ రోజూ బోడికారులో మెయిన్ రోడ్డు దాకా తెచ్చి బస్సెక్కించేవాడు. మామ పక్కన కోడలు రెండు సీట్ల కారులో కూర్చుని పోవడం గురించి ఊళ్ళో ఏమనుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. డెబ్బైల చివరి ఏళ్ళలో ఒక రోజు, రోడ్డెక్కే మలుపు దగ్గర కారు ఆపి, ఎప్పటిలాగే ఆయన నన్ను అడిగాడు.

“ఎదురుగా ఏమన్నా వస్తాండాదా అమ్మాయ్?”

రోజూ అడిగే మాటే. కానీ ఆ రోజు ఎదురుగా బస్సు ఒకటి కనబడేంత దగ్గరలోనే వస్తూ ఉంది, ఆయన అటే చూస్తూ అడుగుతున్నాడు. బస్సు వస్తోందని చెప్పాను. ఆ తర్వాత ఆయన అడగకముందే నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎడంపక్కన సైకిలు అని, ముందర గొర్రెలు అని, ఏదో నాకు తోచక మాట్లాడుతున్నట్టుగా. ఆయనా అందుకు తగ్గట్టు చక్రం తిప్పేవాడు. ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. కళ్ళలో పొర అని, అది బాగా ముదిరిన తర్వాతే ఆపరేషను చేస్తారని, పొంగలి తర్వాత పోదామని అనుకుంటున్నట్టు మా ఆయన ద్వారా తెలిసింది. ఆ రోజుల్లో ఆపరేషను అయినవాళ్ళకు సోడాబుడ్డి అద్దాలు వచ్చేవి, వాటితో కారు నడపడం కల్ల. అంటే ఆ ఏడాది కారు కొట్టమెక్కితే ఇక ఆయన చేతుల మీదుగా దిగదన్నమాట. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడాది దీపావళికి ఎంతో ముందే మా అత్తకు మోకాలు నొప్పి మొదలైంది. ఆకాశం అద్దంలా ఉండగానే ఆమె కుంటుతూ, వాన మెడ మీదికి వచ్చింది, కారు పెట్టేయమని పోరు పెట్టింది. మోకాలు ఇంత తొందరపడడం ఎన్నడూ లేదని మా మామ గొణిగేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లోకి పోతే, ఆ కుంటే మనిషి నిచ్చెనెక్కి అటక మీది చింతపండు కుండ దించుతూ కనబడింది. నన్ను చూసి సిగ్గుపడలేదు, నిచ్చెన మీదనుంచే నెమ్మదిగా చెప్పింది.

“చూసినావు గదా. మీ మామతో చెప్పబాక. ఆయన కండ్లు ఎట్టుండాయో పక్కన కూర్చునేదానివి, నీకు తెలీదా? కండ్లు కనబడలేదు, బండి ఆపు అంటే ఆ మనిషి తట్టుకోలేడే. వాన వస్తాండాది, బండి పెట్టు అంటే ఆ నింద వాన మీదికి పోతుంది.”

కారంటే పడదనుకున్న మా అత్త మనసులో ఏముందో నాకు ఆ రోజు తెలిసింది. ఆమె మీద నాకు పుట్టిన ప్రేమ ఇన్నేళ్ళయినా తరగలేదు.

వాన అంతదాకా ఆగిన ఏడాదల్లా మా మామ, దీపావళి పోయిన వారానికి వచ్చే షష్ఠినాడు తిరుత్తణి కొండకు పోయి వచ్చి, ఆ మర్నాడు కారును పెట్టేవాడు. ఆ స్వామివే మిగతా గుళ్ళలో ఆ రోజు రాక్షసుణ్ణి చంపే సూరసంహారం వేడుక చేస్తే, తిరుత్తణి స్వామి కోపం చల్లారిన చోటు కాబట్టి అక్కడ పూలతో పూజ. తోటలో కోసిన పూలు బుట్టలో పెట్టి, పక్క సీట్లో ఆ బుట్టను కూర్చోబెట్టి తీసుకుపోయేవాడు. ఆ ఏడాది దీపావళి పోయి రెండు రోజులైంది, తూర్పున మబ్బు కమ్మింది, షష్ఠికి ఇంకా గడువుంది. పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతున్న నన్ను ఆయన అడిగాడు.

“నువ్వు చెప్పమ్మాయ్. సష్టి దాకా ఉంచుదామా, ఇప్పుడే పెట్టేద్దామా? నువ్వేం చెప్తే అదే.”

ఉంచుదామంటే ఆయన ప్రాణానికి భయం. పెట్టేద్దామంటే ఆయన చివరి తిరుత్తణి ప్రయాణం నా మాట మీద పోతుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, అత్త వింటోందని అర్థమైంది. రేపు తెల్లారగానే, బస్సులూ లారీలూ మొదలుకాక ముందే కొండకు పోయొచ్చి, ఇంటికి రాకుండా నేరుగా కొట్టంలో పెట్టేద్దామని, నాలుగు రోజులు ముందు వచ్చినంత మాత్రాన స్వామి ఏమీ అనుకోడని చెప్పాను.

“నీకు బడి ఉండాది గదా. పక్కన ఎవురుంటారు?” అన్నాడాయన.

పక్కన ఒకరుండాలని ఆయన నోటితో ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను సెలవు పెడతానని అనబోయేలోగా వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది.

“నేనొస్తా.”

మర్నాడు ఆమె తలకు టవలు బిగించి కట్టుకుని, పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఇన్నేళ్ళకు ఆ కారులో కూర్చుంది. కిందికి దిగి కూర్చోవడం చేతకాక కాసేపు తిట్టింది. కారు కదిలిందో లేదో, ఎడంపక్కన ఎద్దులు, మెల్లిగా పో, గుంత, గుంత, అని మొదలుపెట్టింది. నేను చాటుగా చెప్పిన మాటలు ఆమె ఊరంతా వినేలా చెప్పింది. వాళ్ళు బాట మలుపు తిరిగి కనబడకుండా పోయిన తర్వాత కూడా, పొలాల మీదుగా ఆమె కేకలూ, వాటి మధ్యన మా మామ నవ్వూ వినబడుతూనే ఉన్నాయి. ఆ రోజు బడిలో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా గట్ల మీదుగా నేరుగా కొట్టానికి పరుగెత్తాను. కారు దిమ్మెల మీద ఉంది. మా మామ చెంబుతో దిమ్మెల చుట్టూ నీళ్ళు పోస్తున్నాడు. మా అత్త అరుగు మీద కూర్చుని, రేగిన జుట్టు ముడి వేసుకోవడం కూడా మరిచిపోయి, కొండ కింద జనం తనను ఎలా చూశారో చెప్పి చెప్పి నవ్వుతోంది.

అయితే వాన రాలేదు. ఆ రాత్రి నాలుగు చినుకులు పడి, మర్నాటికి మబ్బంతా చెదిరిపోయి, ఆ తర్వాత చాలా రోజులు ఎండలు కాశాయి. షష్ఠి కూడా పొడిగానే పోయింది. నా మాట మీదే కదా ముందుగా పెట్టేశాడని నాకు లోపల పీకుతూనే ఉంది. మా మామ మాత్రం ఆకాశం వైపు చూడడం మానేశాడు. చివరకు ఉండబట్టలేక ఒక సాయంత్రం మా అత్తే కదిలించింది.

“ఇంగా వాన రాలేదు గదా, ఇంగోసారి తీయరాదా? నేను పక్కన కూర్చుంటాలే.”

ఆయన ఆమె వైపు చూసి నవ్వాడు. “నీ మోకాలు నొప్పి తగ్గిపోయిందా?” అని అడిగాడు. ఆమె మొహం చూడాలి ఆ క్షణంలో. ఆయనకు మొదటినుంచీ తెలుసు. “వద్దులే, పెట్టేసినాము గదా,” అని మెల్లగా అన్నాడు.

పొంగలి తర్వాత ఆపరేషను అయింది, బెల్లం వండడానికి కొట్టం ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు మద్రాసు నుంచి ఎవరో వచ్చి కారు కొనుక్కుపోయారు. ఆ పూట ఆయన పొలానికి పోయి, వాళ్ళు వెళ్ళిన తర్వాతే ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు, కొట్టమూ లేదు, చెరకు తోట ప్లాట్లయింది. తిరుత్తణికి నాలుగు వరసల రోడ్డు పడింది. మా అబ్బాయి నన్ను కారులో కొండకు తీసుకుపోయినప్పుడల్లా, అందులోంచి ఒక ఆడగొంతు ఎడమకు తిరగమనీ కుడికి తిరగమనీ చెబుతూ ఉంటుంది. ఆమె చెప్పేది ఎక్కడా తప్పు పోదు. అయినా ఆ గొంతులో ఆదుర్దా ఉండదు, మెల్లిగా పొమ్మన్న తిట్టు ఉండదు, పక్కనున్న మనిషికి ఏమవుతుందోనన్న భయం ఉండదు. నడిపేవాడు ఆమె మాట వింటూ, నవ్వకుండా, తిరిగి ఒక్క మాట అనకుండా పోతూ ఉంటాడు.