చెయ్యి తాకని ఖో

నిన్న సాయంత్రం గీజరు పాడైంది. బయట తిరిగొచ్చిన దుమ్ము వదిలించుకోవాలని ముందూ వెనకా చూడకుండా చన్నీళ్లు ఒక చెంబెడు నెత్తిన గుమ్మరించుకున్నాను. నీళ్లు మెడ మీంచి వీపు మీదికి జారగానే ఊపిరి బిగుసుకుపోయింది. రాత్రి పడుకోబోతుంటే దిండు మీద ఆరీ ఆరని జడ వాసన. డెబ్బై దాటిన మనిషిని, గదిలో ఒక్కదాన్నే ఉన్నదాన్ని, ఎవరో ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు తల దించుకున్నాను. నా జడలో ఆ వాసనను మొట్టమొదట పసిగట్టిన మనిషి శాంతాబాయి టీచర్. నేను ఇన్నేళ్లు తిన్న తిండి ఆమె నేర్పిన విద్య వల్ల వచ్చిందే. ఆమె గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని, ఆ వాసన దగ్గరికి వచ్చేసరికి లేచిపోయాను.

వేములవాడకు బస్సులో గంట ప్రయాణం ఉన్న ఊరు మాది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది, ఆడపిల్లల హైస్కూలు కొత్తగా వచ్చింది. దానికి డ్రిల్ టీచర్‌గా శాంతాబాయి భైంసా నుంచి వచ్చింది. మరాఠీ వాళ్లలా తొమ్మిది గజాల చీర వెనక్కి కాసె పోసి కట్టుకుని బజారులో నడుస్తుంటే కొట్ల ముందు కూర్చున్నవాళ్లు మాటలు ఆపి చూసేవారు. ఆమె ఎవరినీ పట్టించుకునేది కాదు. బడిలో బంతి లేదు, నెట్టు లేదు, కొనే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు. ఆమె వడ్రంగిని బతిమాలి రెండు కర్రలు చెక్కించి మైదానంలో పాతించింది. "బస్. ఖో-ఖోకు గింతకంటె ఏం అక్కర లేదు పోరీ! మా దిక్కు పుట్టిన పిల్ల నడకకంటె ముందు గిదే నేర్చుకుంటది" అంది.

తెలియనివాళ్ల కోసం ఆట సంగతి చెప్తాను. రెండు కర్రల మధ్య గీత మీద ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల అవతలి జట్టువాళ్లను తరుముతుంది. తరిమే పిల్ల గీత దాటి రెండో పక్కకు పోకూడదు. అటు పోవాలంటే అటు ముఖం పెట్టి కూర్చున్న పిల్ల వీపు మీద అరచెయ్యి వేసి "ఖో" అనాలి. ఆ పిల్ల లేచి తరుముతుంది, ఈమె ఆ చోట కూర్చుంటుంది. చెయ్యి తాకాలి, నోరు పలకాలి, రెండూ ఒకేసారి జరగాలి. లేకపోతే విజిల్ పడుతుంది.

మా హెడ్‌మిస్ట్రెస్ కర్రలను చూసి నవ్వింది. "శాంతాబాయీ, కరీంనగర్ పిల్లలు బూట్లు తొడుక్కొని ఆడుతరు. మనోళ్లు లంగా తట్టుకొని పడ్తరు. జిల్లా పోటీలకు పోయి నవ్వులపాలై వస్తరా?" అని అడిగింది. "వస్తం మేడమ్. నవ్వులపాలయినా బస్సెక్కి పోయి అయితం" అంది టీచర్. మేము గెలుస్తామని ఆ ఊళ్లో నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

జట్టులో నన్ను తీసుకుంది. మేము పటేళ్లం, ఊళ్లో సగం పొలం మాదే. తాసీల్దారు కూతురు కూడా ఆడుతోందని తెలిశాక మా నాన్న, బాపు, ఒప్పుకున్నాడు. రాజవ్వను కూడా తీసుకుంది. రాజవ్వ బాపు చెప్పులు కుట్టేవాడు, వాళ్లుండేది ఊరి చివరి వాడలో. ఆమె అవ్వ, అంటే తల్లి, మా పశువుల కొట్టం ఊడ్చేది, కానీ మా గడప తొక్కేది కాదు. వాళ్లను తాకకూడదు. ఎందుకని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాజవ్వ పరుగెత్తితే మాత్రం మైదానంలో మిగతావాళ్లం నిలబడ్డట్టే ఉండేది.

మొదటి రోజు ఆటలో రాజవ్వ నా వెనక్కి వచ్చి ఆగిపోయింది. చెయ్యి గాలిలోనే ఉంది. "ఖో, సుగుణమ్మా" అంది మెల్లగా. టీచర్ విజిల్ ఊది వచ్చి, ఆమె అరచెయ్యి పట్టుకుని నా వీపు మీద గట్టిగా ఆనించింది.

"ఖో నోటితోని ఇచ్చేది కాదు, చేతితోని ఇచ్చేది. ఇంకోటి. గీ గీత మీద అమ్మలు లేరు, దొర్సానులు లేరు. సుగుణ, అంతే."

"సుగుణ" అంది రాజవ్వ. ఆ అరచెయ్యి వేడిగా, గరుకుగా ఉంది.

ఆ సంగతి నాకంటే ముందే ఇల్లు చేరింది. బాపును కన్న తల్లి, మా బాపమ్మ, పెరటి బండ దగ్గర నిలబడి ఉంది. బడి మాన్పించమని అనలేదు, కొడుకు మాట కాదనలేదు. ఇంట్లోకి రావాలంటే మాత్రం బట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకుని రావాలంది. మా అమ్మను నేనూ అవ్వ అనేదాన్ని. అవ్వ బిందె ఎత్తి పోసింది. ఆ రోజు నుంచి ఆట ఉన్న ప్రతి సాయంత్రం అదే పద్ధతి. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. చలికాలం వస్తోందని మాత్రం విసుగ్గా ఉండేది.

ఒకనాడు కర్ర దగ్గర లంగా అంచు దోపుకుంటుంటే రాజవ్వ పక్కకు వచ్చి అడిగింది.

"నిన్న గూడ పోసిండ్రా?"

"ఏంటిది?"

"నీళ్లు. మా అవ్వ చూసిందట. మస్తు చలి పెడ్తదా?"

"ఒట్టిగనే పోసుకుంటున్న, ఉడుక పోస్తుందని" అన్నాను. అది చలికాలం. రాజవ్వ నా ముఖంలోకి చూసి, నమ్మినట్టు తలూపింది. నాకు మొదటిసారి సిగ్గేసింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నాకు చలి పెడుతుందేమోనని అడిగింది.

తర్వాత కొన్నాళ్లకు వరసలో నిలబడ్డప్పుడు టీచర్ నా జడ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏం పిల్లా, రోజు తడి జడేనా? గీ వాసనేంది?" అంది. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వి చెప్పేశారు. రాజవ్వ అక్కడే ఉంది, చెప్పుల్లేని తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

ఆ సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. బాపు అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి నడిచి, నేను కూర్చునే బండ మీద ఆ తొమ్మిది గజాల చీరతోనే కూర్చుంది.

"నేను గూడ గా పిల్ల చెయ్యి పట్టుకున్న పటేలా. నా నెత్తిన గూడ పోయుండ్రి."

అవ్వ బిందె పట్టుకుని కొయ్యలా నిలబడింది. బాపమ్మ గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది. బాపు ముఖం ఎర్రబడింది కానీ గొంతు లేవలేదు. "టీచరమ్మా, బళ్లె సంగతి బళ్లె, ఇంట్ల సంగతి ఇంట్లనే. నా బిడ్డను ఆటకు పంపుతలేనా? ఇంకేం గావాలె మీకు?" అన్నాడు.

టీచర్ తలుపు వెనక నిలబడ్డ నా వైపు చూసింది. నేనేమన్నా అంటానేమోనని చూసింది. నాకు అర్థమైంది కూడా. పెదవి కదిలితే వినడానికి ఆమె సిద్ధంగా ఉంది. నేను తలుపు చెక్క మీద గోరుతో గీస్తూ ఉండిపోయాను. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక అవ్వ నా నెత్తిన నీళ్లు పోసింది.

కరీంనగర్ పోటీలకు వెళ్లాం. అందరూ చెప్పినట్టే మమ్మల్ని చూసి నవ్వారు, టీచర్ కాసె చూసి ఈలలు వేశారు. కానీ మొదటి ఆట గెలిచాం. రెండోదీ గెలిచేసరికి ఈలలు ఆగాయి. రాజవ్వ పాములా మెలికలు తిరిగి పరుగెడుతుంటే బూట్ల పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఫైనల్ చేరామని విని హెడ్‌మిస్ట్రెస్ బస్సెక్కి వచ్చేసింది. మిఠాయి పొట్లంతో వచ్చి అందరినీ వాటేసుకుంది. అందరినీ అంటే, రాజవ్వను తప్ప.

ఫైనల్ ముందు రోజు నాకు జ్వరం తగిలింది. టీచర్ మాత్ర మింగించి, ఇంకో పిల్లను దింపుతానంది. ఆడతానని నేనే పట్టుబట్టాను. గోడకు ఆనుకుని కూర్చుంటే రాజవ్వ కాస్త ఎడంగా వచ్చి కూర్చుంది.

"ఇంటికి పోయినంక మళ్ల పోస్తరా?"

ఈసారి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "పోస్తరు" అన్నాను.

"జరమున్నా?"

"జరమున్నా."

ఆమె ఇంకాస్త ఎడంగా జరిగింది.

మర్నాటి ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. సమానమైతే పోయినేడు గెలిచిన కరీంనగర్ జట్టు దగ్గరే కప్పు ఉంటుందని ముందే చెప్పారు. తరిమే వంతు మాది. ఒక్క పిల్లను తాకితే చాలు, కప్పు మా ఊరికి వస్తుంది. రాజవ్వ తరుముతోంది. కరీంనగర్ జట్టులోని ఒక పొడుగు పిల్ల చటుక్కున వంగి గీత అవతలికి, నా ముఖం ఉన్న వైపు దూరింది. రాజవ్వ సరిగ్గా నా వెనక ఉంది. "ఖో!" అన్న కేక వినిపించింది. నా వీపు మీద ఏమీ పడలేదు, గాలి తగిలిందంతే. చెయ్యి పడందే లేవొద్దని టీచర్ చెప్పింది నాకు గుర్తే. అయినా లేచాను. రెండు అంగల్లో ఆ పిల్ల భుజం తాకాను. మా పిల్లలు ఎగిరి గంతులేశారు. హెడ్‌మిస్ట్రెస్ చప్పట్లు కొట్టింది. అప్పుడు విజిల్ పడింది. అంపైర్ రాజవ్వను చూపించి, చెయ్యి తాకలేదు, ఫౌల్ అన్నాడు. మళ్లీ మొదలుపెట్టి నాలుగు అడుగులు వేసేలోగా ఆట సమయం అయిపోయింది.

మైదానం పక్కన అందరూ రాజవ్వ మీద విరుచుకుపడ్డారు. టీచర్ వాళ్లను పక్కకు జరిపి ఆమె ముందు కూర్చుంది.

"అగ పోరీ, చెయ్యి ఎందుకు తాకలే?"

"సుగుణకు జరమున్నది టీచర్."

"అయితే?"

"నేను తాకితె ఇంటికి పోయినంక నెత్తిన నీళ్లు పోస్తరు. గందుకే జరమచ్చినకాంచి తాకలే. తాకలేదు అని చెప్పుకుంటది గద అని."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆటంతా ఆమె నాకు ఒక్క ఖో కూడా ఇవ్వలేదు. నేను ఉన్నచోట తప్పించి, ఇంకో పిల్ల దాకా పరుగెత్తి ఇచ్చింది. చివర్లో మాత్రం నేను తప్ప వేరే దారి లేకపోయింది. టీచర్ నా వైపు తిరిగింది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను.

"గా పిల్ల నీ జరం కోసం ఫికర్ చేసింది. నువ్వు గా పిల్ల కోసం ఒక్కనాడన్న ఏం ఫికర్ చేసినవ్?" అంది. అంతే, సామాన్లు సర్దుకోమంది.

అసలు సిగ్గుపడవలసింది ఇంకా మిగిలే ఉంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి పెరట్లో బిందె సిద్ధంగా ఉంది. బాపమ్మ నా ముఖం చూసి "జరమొచ్చినట్టున్నది. గా పిల్ల తాకిందా?" అని అడిగింది. దారంతా, బస్సు కుదుపుల్లో, ఇంటికి పోయి ఏమనాలో అనుకుంటూనే వచ్చాను. బాపమ్మ ఎదురుగా నిలబడి, ఒళ్లు వణుకుతుంటే, "జరమచ్చినంక తాకలే" అన్నాను. బాపమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను పొడి జుట్టుతో లోపలికి వెళ్లి దుప్పటి కప్పుకున్నాను. కప్పును పోగొట్టుకుని రాజవ్వ నా కోసం తెచ్చిన ఆ ఒక్క మాటను ఎంత తేలిగ్గా వాడుకున్నానో.

జ్వరం తగ్గి బడికి వెళ్లేసరికి రాజవ్వ లేదు. వాళ్ల బాపుకు బెల్లంపల్లి బొగ్గుబావిలో పని దొరికిందట, మూటాముల్లె సర్దుకుని పోయారు. ఆమెను మళ్లీ చూడలేదు. ఆ తర్వాతి ఏడాదే శాంతాబాయి టీచర్‌కు ఆదిలాబాద్ బదిలీ అయింది. బస్టాండుకు వెళ్లి, ఫైనల్ నుంచి వచ్చిన సాయంత్రం ఇంట్లో నేనేమన్నానో ఆమెకు చెప్పాను. ఆమె బస్సు కిటికీ లోంచి నా వైపు వంగింది. "స్కోరు పుస్తకంల ఫౌలు గా పిల్ల పేరు మీద రాసి ఉన్నది. అది నేను మార్చలేను. నువ్వు ఎక్కడ ఖో-ఖో ఆడినా, ఎవలకు నేర్పినా, గా ఫౌలు ఎవలిదో చెప్పాలె" అంది. బస్సు కదిలేముందు చెయ్యి చాపి నా తల మీద పెట్టింది. తడి ఉందేమో చూసిందా, దీవించిందా, నాకు ఇప్పటికీ తెలియదు.

నేనూ డ్రిల్ టీచర్‌నే అయ్యాను. ఎన్ని బళ్లలో పనిచేశానో అన్ని బళ్లలో కర్రలు పాతించాను. ఎవరి వీపు మీద ఎవరి చెయ్యి పడటం లేదో అన్నిటికంటే ముందు అదే చూసేదాన్ని. నేను జిల్లా ఫైనల్ ఆడానని పిల్లలకు ఎలాగో తెలిసిపోయేది. ఎట్ల ఓడిపోయిండ్రు టీచర్ అని చుట్టూ చేరేవారు. ఫౌల్ అయిందని చెప్పేదాన్ని. ఎవలు చేసిండ్రు అని అడిగితే, ఖో ఇచ్చింది రాజవ్వ, ఫౌలు చేసింది మాత్రం నేనే అని చెప్పేదాన్ని. ప్రతి బడిలో ఎవరో ఒక చురుకైన పిల్ల వెంటనే పట్టేసుకునేది.

"గదెట్ల టీచర్? ఖో ఇచ్చింది రాజవ్వ గద. మీరు ఒట్టిగ కూసున్నరు."

"అవును. ఒట్టిగ కూసున్న" అనేదాన్ని. అక్కడి నుంచి తలుపు చెక్క సంగతీ, బిందె సంగతీ చెప్పాల్సి వచ్చేది. చెప్పేదాన్ని, కానీ ఏ పిల్ల ముఖంలోకీ చూడకుండా.